పద్నాలుగో సీసా

జంషెడ్‌పూర్ వెళ్లొచ్చానని చెబితే కాకినాడలో అందరూ ఒకటే అడుగుతున్నారు. ఉక్కు ఎలా కాస్తారో చూశావా, పార్కు చూశావా, కొండ మీంచి ఊరు చూశావా అని. ఒక్కటీ చూడలేదు. నేను వెళ్లింది ఉద్యోగం వెతుక్కోవడానికి. అలా వెళ్లినవాళ్లకు ఊరు ఎలా కనిపిస్తుందో రాసినవాళ్లు పెద్దగా లేరు కాబట్టి రాస్తున్నాను. నది ఒడ్డున సూర్యాస్తమయం కావలసినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

సంగతేమిటంటే, మా ఆయన బ్యాంకు ఆఫీసరు. ఆ కొలువులో కొన్నేళ్లు పల్లెటూరి బ్రాంచిలో చెయ్యక తప్పదు. ఆయనకు పడ్డ పల్లె జంషెడ్‌పూర్ నుంచి బస్సులో గంటన్నర. రెండు నెలల కిందటే వెళ్లి చేరాడు. నేను కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. భూమిలోంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, ఎందుకుంది అని అయిదేళ్లు తిరిగాను. తర్వాత ఆరేళ్లు గెస్ట్ లెక్చరర్‌ని. గెస్టును గెస్టులాగే చూశారు, ఈ ఏడు రావద్దన్నారు. పోనీ, కాలేజీ కాకపోతే సైన్సు తెలిసిన మనిషి కావలసిన చోటే ఉండదా అనుకున్నాను. అన్ని ఫ్యాక్టరీలున్న ఊరు పక్కనే ఉందాయె! అక్కడ పని దొరికితే ఇద్దరం ఒక ఇంట్లో ఉండొచ్చు, నా చదువూ నాతో ఉంటుంది. దొరక్కపోతే చదువును అటకెక్కించి ఆయనకు క్యారేజీ కట్టుకుంటూ కూర్చోవాలి. అందుకే ఉద్యోగం చేతిలో పెట్టుకునే ఆయన గుమ్మం తొక్కుతానని మొండికేసి, ముందు జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్‌లో దిగాను.

బర్మామైన్స్

స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. గల్లీలోకి తిరిగాక శ్రీకాకుళం తిట్లు రెండు చెవిన పడ్డాయి, ఇల్లు వచ్చేసిందని అర్థమైంది. మా అమ్మకు పెత్తల్లి కూతురు అప్పలనర్స పిన్ని ఉండేది అక్కడే. వాళ్ల మావగారు టెక్కలి వైపు నుంచి కాంట్రాక్టు కూలీగా వచ్చాడట. మూడు తరాలైంది. పిన్ని మాటలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

"వచ్చీసినావేటమ్మా! ఓలమ్మ, ఏటిలాగ సిక్కిపోనావు? ముందు తినీ, కబుర్లు తరవాత."

పళ్లెంలో ధుస్కాలు పెట్టింది. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేసేవి. మన పునుగులకు పెద్దన్నయ్య అనుకోండి. పక్కన శనగల కూర. వీధి చివర పది రూపాయలకు రెండు. కాకినాడలో ఆ డబ్బుతో కొబ్బరి చట్నీ కూడా రాదు. తిన్నాక చెంబుతో మంచినీళ్లిచ్చింది. తేటగా, తియ్యగా ఉన్నాయి.

"నీళ్లు బాగున్నాయి పిన్నీ" అన్నాను.

"కంపెనీ నీళ్లు మరి! ఈ ఊర్ల నీళ్లకేటి లోటు నేదు" అంది, ఆ నీళ్లను తనే తోడి పోసినంత గర్వంగా.

సాయంత్రం పిన్ని కొడుకు వచ్చాడు. రమణ అంటాను, అసలు పేరు అది కాదు. ముప్ఫై రెండేళ్లుంటాయి. తల్లి తెలుగులో అడుగుతుంది, వీడు హిందీలో జవాబిస్తాడు, ఇద్దరికీ అదేం వింతగా ఉండదు. గమ్హరియాలో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో పని. పల్లెలకు బండి మీద వెళ్లి చేతిపంపుల నీళ్లు సీసాల్లో పట్టి తేవాలి. ఆ ల్యాబుకు సర్కారు నీళ్ల పరీక్షల కాంట్రాక్టు ఉందని, కెమిస్టు మానేశాడని, ఓనరుతో నా గురించి చెప్పాడని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"టెన్షన్ మత్ లో దీదీ. పరసోఁ బులాయా హై." ఎల్లుండి రమ్మన్నారట.

నాకెంత సంతోషమేసిందంటే, వాడు నేల మీద పరిచిన ఇరవై ఖాళీ సీసాలు చూసి లేబుళ్లు నేనే రాస్తానని లాక్కున్నాను. ఫోన్లో పల్లెల జాబితా చదివాడు. ఒక్కో పేరు, పంపు ఎక్కడుందో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పద్నాలుగోది మా ఆయన ఉండే పల్లె. స్కూలు పక్కన చేతిపంపు. రేపు మేం తాగబోయే నీళ్లని రెండుసార్లు చదువుకున్నాను. పిన్ని అన్నం మెతుకులు పిసికి లేబుళ్లు అంటించింది.

"సీసాని ఏ పంపు దగ్గర పడితే ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలవాలి, తెలుసా?" అన్నాను వాడితో, లెక్చరర్ బుద్ధి పోనిచ్చుకోకుండా.

"సబ్ మాలూమ్ హై దీదీ" అని నవ్వాడు, అన్నీ తెలుసట.

బిష్టుపూర్

ఒక్క ల్యాబునే నమ్ముకోకూడదని మర్నాడు బిష్టుపూర్ వెళ్లాను. బ్యాంకులు, షోరూములు, ఆఫీసులు అన్నీ అక్కడే. ఇడ్లీ ప్లేటు అరవై రూపాయలు. సాంబారులో పంచదార వేశారు. ఇడ్లీకి ఇంత ద్రోహం చెయ్యొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఉద్యోగాలు చూపించే ఆఫీసులో ఒకాయన నా కాగితాలన్నీ తిప్పి, నా ముఖం చూసి, "టైపింగ్ ఆతా హై?" అనడిగాడు, టైపు వచ్చా అని. ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ డిప్లొమా లేనిదే లోపలికి రానివ్వమన్నారు. డిప్లొమా వాళ్లకు పాఠం చెప్పినదాన్నమ్మా అంటే, అయితే కాలేజీకే వెళ్లండి అన్నారు. ఒక కోచింగ్ సెంటర్ ఆయన మాత్రం ఉత్సాహపడ్డాడు. లెక్క చెయ్యకుండా జవాబు పట్టేసే చిట్కాలు ఎన్ని వచ్చని అడిగాడు. లెక్క చేసి జవాబు తేవడం వచ్చని చెప్పాను. మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. ఇప్పటిదాకా చెయ్యలేదు.

ఆ మొదటి ఆఫీసులోనే నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది, రాంచీలో ఎమ్మెస్సీ చేసిందట. ఇంటింటికీ వెళ్లి నీటి ఫిల్టర్లు అమ్ముతుంది. సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీసి చూపించింది. అందులో రెండు ఇనుప కడ్డీలు. గ్లాసు నీళ్లలో పెట్టి కరెంటిస్తే నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. చూశారా మీ నీళ్లలో ఎంత విషముందో అని చెప్పి ఫిల్టరు అంటగట్టాలి.

"అది కడ్డీల్లోంచి వచ్చే ఇనుమే కదా" అన్నాను.

"నాకు తెలుసు దీదీ" అంది హిందీలో, నవ్వకుండా. "మా మేనేజర్‌కి తెలీదు. ఎమ్మెస్సీ చదివి నాకు ఒరిగింది అదొక్కటే."

ఆ పిల్ల మీద జాలిపడి, నా గతి అలా కాదులే అనుకుంటూ బస్సెక్కాను. ఎంత పొగరో నాకు!

గమ్హరియా

మూడోరోజు పొద్దున్నే పిన్ని గొణుక్కుంటోంది. "బకెట్ల నీళ్లన్నీ ఈడే వాడీసినాడు. సీసాలు కడగడానికి ఇన్ని నీళ్లేటి?" నేను చీర కుచ్చిళ్లు సర్దుకునే హడావుడిలో పట్టించుకోలేదు.

గమ్హరియా అంటే అటూ ఇటూ షెడ్లు, మధ్యలో లారీలు, అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము. ఆ షెడ్ల మధ్య రెండు గదుల ల్యాబు. ఓనరు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. టీ తెప్పించి, "డాక్టర్ సాహెబా" అన్నాడు. కాలేజీలో ఆరేళ్లలో ఒక్కరూ నన్ను డాక్టర్ అనలేదు. ఫ్లోరైడ్ చూసే మీటరు మంచిదే ఉంది, దాని మీది ప్లాస్టిక్ కవరు మాత్రం దుమ్ము కొట్టుకుని ఉంది, చాన్నాళ్లుగా తీసినట్టు లేదు. రమణ తెచ్చిన ఇరవై సీసాలు బల్ల మీద వరసగా నిలబడ్డాయి, నా అక్షరాలతో. ఈ బ్యాచి చేసి చూపించండని, ఓనరు ఏదో పని మీద బయటికి వెళ్లాడు.

మీటరు శుభ్రం చేసుకున్నాను. తెలిసిన ద్రావణాలు కలుపుకుని సరిచూసుకున్నాను. ఎన్నాళ్లకి! చేతులకు మతిమరుపు ఉండదు కాబోలు, అవే పని చేసుకుపోతున్నాయి. మొదటి సీసా సున్నా పాయింట్ మూడు ఒకటి. రెండోది అంతే. మూడోది, నాలుగోది అంతే. ఏడో సీసాకి మీటరు మీద అనుమానమొచ్చి ద్రావణాలు మళ్లీ కలిపాను. మీటరు బంగారంలా ఉంది. ఇరవైకి ఇరవై సీసాలు ఒకే అంకె. ఇరవై పల్లెలు, రాళ్లు వేరు, లోతులు వేరు, నీళ్లు ఒకటెలా అవుతాయి? పద్నాలుగో సీసా తీసి క్లోరిన్ చూసే చుక్కలు వేశాను. లేత పసుపు తిరిగింది. చేతిపంపు నీళ్లలో క్లోరిన్ ఎవరు కలిపారు? అది కుళాయిలో వచ్చే నీళ్లకు కలిపేది.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఈ సీసాలు పట్టింది ఎవరో, నన్ను ఇక్కడికి తెచ్చింది ఎవరో ఆ క్షణాన నాకు గుర్తే లేదు. దొంగను పట్టేసిన సంబరం! నాలుగింటికి ఓనరు రాగానే, "సార్, ఇవన్నీ ఒకే కుళాయి నీళ్లు" అని గట్టిగా చెప్పాను. తలుపు దగ్గర రమణ నిలబడి ఉన్నాడు. వాడి ముఖం చూశాక గానీ నోట్లోంచి ఏమొచ్చిందో నాకు తెలియలేదు.

ఓనరు అదిరిపడలేదు. బల్ల మీది కాగితం చూశాడు.

"బీస్ కే బీస్ కర్ డాలే?" అన్నాడు ఆశ్చర్యంగా. ఇరవైకి ఇరవై చేసేశారా అని. అక్కడి పద్ధతట, బ్యాచిలో ఒక్క సీసా చేసి, మిగతావాటికి అదే అంకెను కాస్త అటూ ఇటూ జరిపి రాస్తారట. ఇరవై సీసాలు నిజంగా పరీక్ష చేసిన మొదటి మనిషిని నేనే.

తర్వాత రమణను పిలిచి చీవాట్లు పెట్టాడు. ఎందుకనుకున్నారు? ఊళ్లకు వెళ్లనందుకు కాదు. కనీసం నాలుగైదు చోట్ల పట్టి ఉండొచ్చు కదా, బుద్ధి లేదా అని.

నా వైపు తిరిగి మళ్లీ మర్యాదగా మాట్లాడాడు. పాత కెమిస్టు ఒకసారి ఆ జరపడం కూడా బద్ధకించి అన్ని ఊళ్లకూ ఒకే అంకె రాసి పంపితే పైన ఎవరో ప్రశ్న వేశారట. అందుకే బాగా చదువుకున్నవాళ్లు కావాలి. ఏ రాతినేలలో ఎంత రావచ్చో, వానాకాలంలో ఎంత తగ్గొచ్చో నాకు తెలుసు కదా. "నేచురల్ లగ్‌నా చాహియే, మేడమ్." అంకెలు సహజంగా కనపడాలి. రోజూ రానక్కర్లేదు. పల్లెలోనే ఉండండి, ఇంకా మంచిది. నెలకు రెండుసార్లు వచ్చి సంతకాలు పెడితే ఇరవై రెండు వేలు.

అయిదేళ్లు ఎండలో తిరిగి నేర్చుకున్నది అబద్ధానికి నగిషీ చెక్కడానికి పనికొస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవలేదు. రేపు చెబుతానని లేచాను.

బయట టీకొట్టు దగ్గర రమణ నా పక్కన నిలబడ్డాడు. నేనే అడిగాను, ఎక్కడి నీళ్లురా అని.

"ఇంటివే" అన్నాడు.

పిన్ని చెంబుతో ఇచ్చిన నీళ్లు. నేను బాగున్నాయని మెచ్చుకున్న నీళ్లు.

"ఇరవై ఊర్లకి ఒక రోజు పెట్రోలిత్తారు" అన్నాడు, హిందీ వదిలేసి, పిల్లాడిలా తడుముకుంటూ తెలుగులో. "మొదటి మూడు నెల్లు నాను తిరిగినాను. నిజంగా. బండి చైన్ తెగిపోయి అడవిల తోసుకొని వచ్చినా. ఆ నీళ్లు ఎవుడూ చెయ్యనేదు, అలాగే పారబోసినారు. అప్పుడు మానీసినా. నిన్నటి రోజు ఊర్లకి ఎల్లకుండా ఇంటింటికి పార్సిళ్లు వేసి పైసలు తెచ్చుకున్నా. నువ్వు కంప్లైంట్ ఇత్తే పోయేది నా నౌకరీయే అక్కా, ఆయనది కాదు. అమ్మకి సెప్పకు."

మూడు రోజుల్లో వాడు నన్ను అక్కా అనడం అదే మొదటిసారి. నాకు కోపమే రాలేదంటే అబద్ధం. వచ్చింది, చెంపమీద ఒక్కటివ్వాలనిపించింది. కానీ తోసుకొచ్చిన నీళ్లను వాడి కళ్లముందే పారబోసింది ఎవరు? చెప్పనులే అన్నాను. టీ చల్లారిపోయింది, ఇద్దరం అలాగే తాగేశాం.

ఆయన ఊరు

నాలుగోరోజు బస్సెక్కేముందు ఓనరుకు ఫోన్ చేసి నా వల్ల కాదన్నాను. ఆయనేం నొచ్చుకోలేదు. "కోయీ బాత్ నహీఁ మేడమ్, ఎమ్మెస్సీ వాళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు. ఉన్నారు. ఒకమ్మాయి నాకు తెలుసు.

బస్సు దిగేసరికి మా ఆయన ఎండలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దారిలో అంతా చెప్పాను. విని, "సంతకమే కదా, పెట్టేస్తే పోయేదేముంది? నెలకు రెండుసార్లు. ఇద్దరం ఒకచోట ఉంటాం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మీరు ఇవ్వని లోనుకు సంతకం పెడతారా అన్నాను. గొడుగు నా మీదికి జరిపాడు. పాపం ఆయనకు కావలసింది నేనే, నాకూ తెలుసు. అయినా కోపం ఆగలేదు. ఆ గదిలో నీళ్లక్యాను చూసి ఇంకా పెరిగింది. బ్యాంకు వాళ్లందరూ జంషెడ్‌పూర్ నుంచి వచ్చే క్యాన్ల నీళ్లే తాగుతారట. ఈ ఊరి నీళ్లు మంచివి కావా అంటే, ఏమో, అందరూ తెప్పించుకుంటున్నారు కదాని నేనూ తెప్పిస్తున్నా అన్నాడు.

స్కూలు పక్కకు వెళ్లి చూశాను. చేతిపంపు ఉంది. దానికి పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట తాడు కట్టి, అటు కొస వేపచెట్టుకు బిగించి, బట్టలారేశారు.

మా ఆయన అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు సుమిత్రా దీదీ ఆ బట్టలే తీస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. పంపు ఎప్పుడు పాడైందని అడిగాను.

"రెండు వానలయ్యాయి" అంది.

రెండేళ్లుగా ఆ పంపు నీళ్లు తాగడానికి యోగ్యమని కాగితాలు వెళుతున్నాయన్నమాట. ఈసారి సీసా మీద లేబులు నాది. నేను సంతకం పెట్టకపోతే మాత్రం ఏమైంది, దస్తూరీ నాదేగా.

ఆమె నన్ను ఇంట్లోకి తీసుకెళ్లి పీట వేసింది. మన వైపు ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తాం. అక్కడ ముందు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పెడతారు, దణ్ణం పెడతారు, తర్వాతే మాటలు. చెంబు పెట్టి, ఎదురుగా కూర్చుని, మీరేం పని చేస్తారని అడిగింది. ఆ నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న నన్ను మంచిగా అడిగింది ఆమె ఒక్కతే. గృహిణినని చెబితే సరిపోయేది. నోరూరుకోలేదు.

"పానీ జాంచ్‌తీ హూఁ" అన్నాను. నీళ్లు పరీక్ష చేస్తానని.

ఆమె ముఖం వెలిగిపోయింది. నవ్వింది. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో అయిదేళ్లు నేను ఫొటోలు తీసి థీసిస్‌లో అంటించిన చారల్లాంటివి. ఖైనీ పొగాకు మరకలు కూడా అలాగే ఉంటాయి, పరీక్ష చెయ్యకుండా ఏదీ చెప్పకూడదు. ఆమె లోపలికి వెళ్లి ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. పొలం చివర బావివట. ఊరంతా అవే తాగుతారట.

"అయితే ఇవి చూసి చెప్పండి" అని నా చేతిలో పెట్టింది.

ఫ్లోరైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి ఉండదు. మొదటి ఏడాది పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం అది. సీసాలో పట్టుకెళ్లి ఎక్కడో చేయించి చెబుతానని అనొచ్చు. చెడ్డవని తేలితే ఆ ఊరికి వేరే బావి లేదు. క్యాను కొనే స్తోమత లేదు. నా మాట పట్టించుకోవలసిన ఆఫీసు దగ్గర మంచి నీళ్లని చెప్పే కాగితం ముందే ఉంది. ఇదంతా ఆవిడకు చెప్పడానికి నాకు చాలినంత హిందీ రాదు, తెలుగులోనైనా నోరు రాదు.

గుమ్మంలో మా ఆయన నిలబడి చూస్తున్నాడు. చెంబెత్తి సగం తాగాను. చల్లగా ఉన్నాయి.

"ఠీక్ హై నా, దీదీ?" అంది ఆమె.

"ఠీక్ హై" అన్నాను.